తడి గోనె కింద పలక

మా మనవరాలు రవళి ఆ వస్తువును సూర్యాపేటలోని మా ఇంటి వసారాలో గోడకు ఆనించి నిలబెట్టినప్పుడు, దాని పేరు తెలియకముందే దాని పని నాకు తెలిసిపోయింది. నాలుగున్నర అడుగుల పొడవు, రెండు కొసలూ కొంచెం పైకి లేచిన వంపు, అడుగున చేపకు ఉండేటటువంటి నాలుగు చిన్న రెక్కలు, పైన పాదాలను బంధించడానికి బూట్ల వంటి రెండు అమరికలు. ముందు మోటారు పడవ పోతూ ఉంటుందట. దానికి కట్టిన తాడును చేతబట్టుకొని, దీని మీద నిలబడి, పడవ వెనుక లేచే అలల మీద జారుతూ పోతారట. వేక్‌బోర్డు అని దాని పేరు. హైదరాబాదు శివారు చెరువులో శిక్షణ పొందుతూ రవళి రెండేళ్లుగా ఈ విద్యను అభ్యసిస్తున్నది. నా కూతురు పద్మకు ఆమె ఒక్కతే సంతానం. పద్మ మిర్యాలగూడలో దవాఖానలో నర్సు.

“మనిషి నిలబడతడు, ముందట ఎవరో గుంజుతరు, కింద నీళ్లు. ఇది మా నాయిన పలక గదనే,” అన్నాను.

“అయితే మీ నాయిన గూడ నా లెక్కనే అన్నట్టు. మీ ఎడ్లు ఎంత స్పీడుల గుంజేటియి అమ్మమ్మా?”

“నువ్వు అన్నం తినే స్పీడుల.”

రవళి నవ్వింది గాని ఆ నవ్వు ఎంతోసేపు నిలువలేదు. పలకను తిప్పి అంచు చూపించింది. నీటిలోకి జారే వాలు మీది ఇనుప అంచుకు తగిలి, పక్కవాటున జానెడు పొడుగున పగిలి ఉన్నది. పై పొరకూ కింది పొరకూ నడుమ గోరు దూరేంత సందు. సోమవారం నాడు రాష్ట్రపు జట్టుకు ఎంపిక. ఆడపిల్లలలో ఇద్దరినే తీసుకుంటారు. నిరుడు ఈమె మూడవది. ఒకరి పలక మరొకరి పాదాలకు, బరువుకు కుదరదట. కొత్తది తెప్పించుకోవాలంటే నెల పడుతుంది. కనుక దీనినే ఇంట్లో బాగుచేసుకోవాలి. కోదాడలో లారీల క్యాబిన్లు కట్టే షెడ్డులో సలీం అనే అతను గాజునార బట్టా, దానిని అతికించే రెసిన్ జిగురూ ఇస్తానన్నాడనీ, శనివారం పగటికల్లా తెచ్చి తానే అతుకు వేసుకుంటాననీ చెప్పింది. బూట్లు విప్పి పక్కన పెట్టి, పలకను నాకు ఒప్పగించింది.

“అమ్మమ్మా, దీన్ని ఎండల పెట్టకు. ఎండకు పగులు ఇంకా ఇచ్చుకుంటది. రేపు నేనొచ్చేదాకా జర పైలంగ సూడు.”

ఆమె చెప్పింది అంతే. అంతకు ముందు మూడు రోజులు హాస్టల్లో ఫ్యాను కింద ఉంచి దానిని పూర్తిగా ఆరబెట్టిందని నాకు తరువాత తెలిసింది. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అడగవలసిన పని ఉన్నదని నాకు తోచనే లేదు. ఎండకు పగులు విచ్చుకొంటుందన్న మాట వినగానే నా మనస్సు వసారాను విడిచి, అరవై ఏళ్లు దాటి, కోదాడ దగ్గరి చిలుకూరుకు కోసెడు దూరంలోని మా ఊరి పసుల కొట్టం ముందు నిలిచింది.

మా పలక తుమ్మచెక్కది. ఆరడుగుల పొడవు, మూరెడు వెడల్పు, తాళ్లు తగిలించడానికి ముందు అంచున రెండు ఇనుప కొక్కేలు. దున్ని తొక్కిన మడిలో నీరు నిలిచి ఉండగా, నాట్లకు ముందు, మడిని చదును చేయడానికి ఎడ్లు దానిని ఈడ్చేవి. నాయన దాని మీద నిలబడి పగ్గాలు పట్టేవాడు. మడిలో ఒక పక్క మిట్టగా ఉంటే ఆ పక్కకు మరికొంత బరువు కావాలి. అన్నదమ్ములు లేని ఇంట్లో ఆ బరువు కావడం నా వంతు అయింది. పాదాల కింద పలక తడి, ఆ తడి కింద బురద కదలిక, ఎదుట ఎడ్ల తోకల నుండి చిమ్మే నీళ్లు. పడిపోతానేమోనని బిగుసుకొని నిలబడితే నాయన ఒప్పుకునేవాడు కాదు. “మోకాళ్లు వదులు బిడ్డా, కట్టె లెక్క నిలవడితే కట్టె లెక్కనే పడతవ్,” అనేవాడు. ఆయన చదువు వీధిబడి దగ్గర ఆగిపోయినా పద్యం మాత్రం ఆగలేదు. ఊరికి వచ్చిన పౌరాణికుల నోట విన్నవాటిని విన్నట్టే పట్టుకున్న ధారణ ఆయనది. ఒక పాదం తాను చెబితే మరుసటి పాదం నేను అందుకోవాలి. గట్టు చేరి ఎడ్లు మళ్లేలోగా పద్యం పూర్తి కావాలి. యతి వచ్చిన చోట ఎడ్లు ఒక అడుగు తడుముకునేవని నాకు గట్టి నమ్మకం ఉండేది. పెద్దయ్యాక ప్రాచ్యవిద్యలో పట్టా పుచ్చుకొని ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు ఛందస్సు బోధించాను గాని, ఆ శాస్త్రం మొదట నాకు తెలిసింది అరికాళ్లతోనే.

వ్యవసాయం లేని నెలలలో పలకకు ఆముదపు మడ్డి పూసి, కొట్టంలో గడ్డి కింద వెల్లకిల పడుకోబెట్టేవారు. ఆ మడ్డి వాసన, కుడితి గోలెం వాసన, ఎడ్ల మెడల కింది చెమట వాసన కలిసి కొట్టానికి ఒక గాలి ఉండేది. మా నాయనమ్మ తెల్లవారగానే ముందుగా అక్కడికి పోయి, గడ్డిలో చేయి పెట్టి పలక ఉన్నదో లేదో తడిమి చూసి, ఆ తరువాతే ముఖం కడుక్కునేది. దొంగలు ఎత్తుకుపోయేటంత వస్తువు కాదది. అయినా ఆమె తడమడం మానలేదు. రాత్రి మిగిలిన జొన్న గటుకలో మజ్జిగ పోసుకొని, కొట్టం గడపలోనే కూర్చుండి తాగేది. ఒక ఏడు వేసవిలో ఒకనాటి ఉదయం ఆమె చేతికి పలక తగలలేదు. ముందటి రోజు నేను దానిని ఆటకు బయటికి లాగి, పడమటి గోడకు చేరవేసి మరచిపోయాను. ఆనాటి పగలంతా అది ఎండలో కాగింది. చివరి నుండి నడిమి దాకా నెర్రె విచ్చి ఉన్నది.

“గోడకు చేరేసి ఎండవెట్టినవ్, వడియాలనుకున్నవానే?” అన్నది నాయనమ్మ. ఆ తరువాత వారం రోజులు నన్ను వడియాల పిల్ల అనే పిలిచింది.

నాయన నెర్రెలో వేలి కొస పెట్టి, ఎంతవరకు పోతుందో చూశాడు. కాలువ నీరు మా మళ్లకు వచ్చే వంతు దగ్గర పడింది. అది నాలుగైదు దినాలే ఉండేది. ఆలోగా మడి చదును కాకపోతే నారు ముదిరిపోతుంది. ఇరుగుపొరుగు పలకలన్నీ వారి వారి మళ్లలోనే ఉన్నాయి, అడిగినా ఇచ్చే వీలు ఎవరికీ లేదు. “చెక్కకు దూప అయింది బిడ్డా. ఎండ తాగింది, ఇగ నీళ్లు తాగాలె. తాగినంక అదే నోరు మూసుకుంటది,” అని, పలకను నీడకు చేర్చి, దాని మీద రెండు గోనెసంచులు తడిపి కప్పాడు. వాటిని ఆరనీయకుండా చూడడం నాకు అప్పగించాడు. నేను చేసిన తప్పుకు అదే శిక్ష, అదే ప్రాయశ్చిత్తం. చెంబుతో నీళ్లు మోసి పోశాను. గోనె తడిసినప్పటి వాసన, పాత ధాన్యమూ మన్నూ కలిసి కుళ్లకుండా ఆగిన వాసన, ఇప్పటికీ నా ముక్కుకు తెలుసు. నాయన అరుగు మీద కూర్చుండి, కాలువ నీరు మా మడిలో ఊరికే నిలిచి ఉండడాన్ని చూసేవాడు. ఆయనకు చేయడానికి ఏమీ లేకపోవడాన్ని నేను మొదటిసారి అప్పుడే చూశాను. ఎడ్లు కట్టుకొయ్యల దగ్గర నెమరు వేస్తున్నాయి, మనిషి అరుగు మీద ఉన్నాడు, నీరు మడిలో ఉన్నది, చెక్క ఒక్కటే తన పని తాను చేసుకుంటున్నది. నాలుగవనాడు కత్తి మొన పెట్టి చూశాడు. మొన దిగలేదు. కమ్మరి చేత ఒక ఇనుప పట్టీ చుట్టించి, నీటి వంతు చివరి రోజున పలకను మడిలోకి దించాడు. ఆనాడు మిట్ట పక్కన నిలబడింది నేనే.

ఇంత కథ నాకు గుర్తుండగా, రవళి పలకను నేను ఊరికే గోడకు ఆనించి ఎట్లా ఉంచగలను? ఆమె కోదాడ బస్సెక్కిన గంటలోనే పనిలో పడ్డాను. ఇప్పుడు బియ్యం ప్లాస్టిక్ సంచులలో వస్తున్నది. గోనెసంచి కోసం మా వీధి కిరాణా కొట్టుకు రెండుసార్లు తిరిగి, వెనుక గదిలో ఉల్లిగడ్డల కింద పరచిన రెండింటిని దులిపించి తెచ్చుకున్నాను. వసారా చివర నీడన ఇటుకలు పేర్చి, వాటి మీద పలకను పడుకోబెట్టి, సంచులు తడిపి కప్పి, పగులు ఉన్న అంచున చేయి ఆనించి, నీరు లోపలికి పోయేటట్టు చెంబుతో సన్నగా పోశాను. గంటకొకసారి వెళ్లి తడిపాను. మోకాళ్ల నొప్పులు ఉన్నా ఆ పని నాకు భారం అనిపించలేదు. ఎన్నో ఏళ్లకు, నా చేతులకు పూర్తిగా తెలిసిన పని ఒకటి ఇంట్లోకి వచ్చింది. సాయంత్రం రవళి ఫోను చేసింది. సలీం దగ్గర రెసిను ఉన్నది గాని దానిని గట్టిపరిచే మందు అయిపోయిందనీ, మిర్యాలగూడలో బియ్యం మిల్లుల ట్యాంకులకు అతుకులు వేసేవాళ్ల దగ్గర దొరుకుతుందంటే అక్కడికి వచ్చాననీ, రాత్రికి తల్లి దగ్గరే ఉంటాననీ చెప్పింది.

“బోర్డెట్లున్నది అమ్మమ్మా?”

“మంచిగున్నది. ఎండ పొడ తగలనియ్యలే.”

“నువ్వుండంగ నాకేం పరేషాన్,” అన్నది.

మరునాటి ఉదయం చూస్తే పగులు సన్నబడ్డట్టే కనిపించింది. గోరు పెట్టి చూశాను, దూరలేదు. అది నిజంగా మూసుకోవడం కాదు, లోపలి పదార్థం నీటికి ఉబ్బి సందును నింపడం. కాని ఆ క్షణాన నాయన కత్తి మొన గుర్తుకు వచ్చి నాకు కలిగిన సంతోషాన్ని ఇప్పుడు తలచుకుంటే, ఏ గదిలోకి పోయి తలుపు వేసుకోవాలో తెలియదు.

మధ్యాహ్నం రవళి రెండు డబ్బాలూ, చుట్టిన తెల్లని బట్టా పట్టుకొని వచ్చింది. చెప్పులు విడుస్తూనే వసారా చివరకు చూసింది.

“అమ్మమ్మా, అవేంది, సంచులు?”

“దూప తీర్చిన. నోరు మూసుకున్నది, వచ్చి సూడు.”

ఆమె డబ్బాలను కింద పెట్టి, సంచులు తీసి, పలకను రెండు చేతులా ఎత్తబోయి ఆగింది. బరువు తెలిసింది. మోకాళ్ల మీద కూర్చుండి అంచును బొటనవేలితో నొక్కింది. పగులు నుండి బుడగలతో నీరు వచ్చింది. ఇంకొకచోట నొక్కింది. అక్కడా వచ్చింది.

“ఎప్పటి సంది?”

“నిన్న నువ్వు పోయినప్పటి సంది. నడుమల ఒక్కపారి గూడ ఆరనియ్యలే.” ఆ మాట అంటూ ఉండగానే ఆమె ముఖం చూశాను. “ఏమైందే?”

“లోపల చెక్క ఉండదు అమ్మమ్మా. ఫోమ్ ఉంటది. థర్మాకోల్ అసుంటిది. అది తాగుతది గని, మళ్ల ఇయ్యదు.”

సలీంకు ఫోను కలిపి, గొంతు బయటికి వినిపించేటట్టు నేల మీద పెట్టింది. అతను అంతా విని, “ఒక దినమంత నీళ్లల్లనా? అయితే పది రోజులన్న ఆరాలె బేటీ. తడి మీద రెసిన్ పోస్తే పట్టది, పొర లెక్క లేసి చేతికొస్తది. గంత ఖరాబు ఎవలు చేసిండ్రు?” అని అడిగాడు.

రవళి నా వైపు చూడలేదు. “నేనే అన్నా. మట్టి ఉన్నదని కడిగి మర్సిపోయిన,” అన్నది.

ఆ తరువాత మేము చేయనిది లేదు. పలకను పగులు కిందికి వచ్చేటట్టు నిలువున నిలిపి, అడుగున పాత దినపత్రికలు పరిచాము. చుక్క చుక్కగా కారింది. పత్రిక తడిస్తే తీసి వేరొకటి పరచడం నా పని. ఫ్యానును దాని ఎదుటికి లాగాము. జుట్టు ఆరబెట్టుకునే మరను పట్టుకొని రవళి గంటసేపు అంచు వెంబడి తిప్పింది, వేడికి పై పొర ఒకచోట లేచి బుడగ కట్టేసరికి ఆపేసింది. నడుమ నేను చేసిన టీ తాగింది. “నువ్వు కూసో అమ్మమ్మా, కాళ్లు నొస్తయి,” అని కుర్చీ జరిపింది. కోపగించుకుంటే నేను ఏదో ఒక సమాధానం చెప్పుకునేదాన్ని. ఆ కుర్చీలో కూర్చుండి పలక నుండి చుక్క పడడాన్ని చూడడం తప్ప నాకు వేరే దారి లేకపోయింది. లెక్కించడం కూడా మొదలుపెట్టాను. చుక్కకూ చుక్కకూ నడుమ వ్యవధి పెరుగుతున్నదని ఒకసారి అనిపించేది, లేదని మరొకసారి అనిపించేది.

ఆదివారం ఉదయం మిర్యాలగూడ నుండి పద్మ వచ్చింది. వచ్చీ రాగానే పలక స్థితి చూసి కూతురి మీద విరుచుకుపడింది. “నాలుగు దినాలు వస్తువును జాగ్రత్తగ పెట్టుకోరాదు, నువ్వు జట్టుల ఎట్ల ఉంటవే?” అని గట్టిగా అన్నది. రవళి తల వంచుకొని విన్నది. అప్పుడు నేను లేచి, తడిపింది నేనని, గోనెసంచులు తెచ్చింది నేనని, రాత్రి పడుకునే ముందు కూడా నీళ్లు పోసింది నేనని ఒక్కొక్కటే చెప్పాను. తరగతిలో లేచి పాఠం అప్పజెప్పే పిల్లవలె నిలబడి చెప్పాను. పద్మ కోపం అక్కడికక్కడే చల్లారిపోయింది. నా భుజం మీద చేయి వేసి, దవాఖానలో ముసలివాళ్లతో మాట్లాడే మెత్తని గొంతుతో, “నువ్వేం చేస్తవమ్మా. నీకేం తెలుసు,” అన్నది.

ఆ మాటలో నింద లేశమైనా లేదు. నా కడుపున పుట్టిన పిల్ల, ఆదరంతోనే అన్నది. అయినా ఆ పగలంతా నాకు అన్నం రుచి తెలియలేదు. నాయన అరుగు మీద కూర్చున్న ఆ నాలుగు దినాలకు ఒక గడువు ఉండేది. తనకు తెలిసినది ఆ చెక్కకు కూడా తెలుసునన్న భరోసా ఆయనకు ఉండేది. చెట్టు ఏదో, అది ఏ వాగు ఒడ్డున పెరిగిందో, ఏ వైపు నుండి కోశారో ఆయన ఎరుగును. నా ఎదుట నిలిచిన ఈ వస్తువు ఏ దేశంలో, ఏ యంత్రంలో, ఏ పదార్థాన్ని ఏ పదార్థంలో పోసి చేశారో నాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియకుండా దాని దగ్గరికి పోయాను. పూర్వపు మనుషులు జ్ఞానవంతులనీ ఇప్పటివారు కారనీ నేను అనను. నాయనకు ఈ పలకను ఇచ్చినా ఆయన గోనె తడిపే కప్పేవాడు. ఆయనకు ఇచ్చేవారు లేకపోవడం ఆయన అదృష్టం. పెద్దవాళ్లు చెప్పిన మాటను ఆ కాలంలో వస్తువు వచ్చి సమర్థించేది. ఇప్పుడు నా మాటను సమర్థించడానికి ఇంట్లో ఏ వస్తువు మిగిలిందని వెదికితే, రోలూ, కత్తిపీటా, నా పుస్తకాల అలమరా తప్ప కనబడలేదు. ఆ పుస్తకాలలో ఎక్కడా ఫోము ప్రసక్తి లేదు.

ఆదివారం మూడు గంటల బస్సుకు రవళి బయలుదేరింది. పగులు మీద వెడల్పాటి టేపు నాలుగు చుట్లు చుట్టి, పలకను పాత దుప్పటిలో కట్టుకున్నది. సూర్యాపేట బస్టాండులో కండక్టరు దానిని చూసి, “ఎవలింటి తలుపు వీక్కొచ్చినవ్ బిడ్డా?” అన్నాడు. “మా అమ్మమ్మోళ్లదే,” అన్నది రవళి. బస్సులో ముందు కూర్చున్నవాళ్లు నవ్వారు. కిటికీ నుండి చేయి ఊపుతూ, నా నోట ఎన్నోసార్లు విన్న నాయన మాటను పట్టుకొని, “మోకాళ్లు వదులుగ పెడత, ఏం గాదు పో,” అని నాకు చెప్పింది. పడమటి ఎండలో నేను అక్కడే చాలాసేపు నిలబడ్డాను.

సోమవారం పదకొండు గంటలకు ఫోను మోగింది.

“పోయింది అమ్మమ్మా,” అన్నది. గొంతులో ఏడుపు లేదు, అలసట ఉన్నది. “మొదటిపారి మంచిగనే పోయిన. రెండోసారి మలుపుల ఆ దిక్కు బరువెక్కి గుంజింది. టేపు ఊడింది, పొర లేసింది. పడ్డ. ఇద్దరు పిల్లలు నాకంటె మంచిగ చేసిండ్రు. ఇంకొకామె ఉన్నది గని, ఆమె ఎట్ల చేసినా నాకేం లేదు.”

నేను నోరు తెరిచాను. జీవితమంతా మాటలతో బతికినదాన్ని, ఏ సమయానికి ఏ మాట తగునో పిల్లలకు నేర్పినదాన్ని.

“నువ్వేం అనకు,” అన్నది రవళి. “నువ్వు ఏమన్న అంటే నాకు ఏడుపొస్తది. ఇక్కడ అందరున్నరు.”

“అననే.”

“ఆ ఆఖరి పిల్ల ఎక్కుతున్నది. సూస్త జర.”

ఫోను పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. నేనూ పెట్టలేదు. మోటారు పడవ మొరాయించి, రెండుసార్లు దగ్గి, అందుకున్నది. ఆ చప్పుడు నీటి మీద దూరమై సన్నబడింది. ఎంతోసేపటికి మళ్లీ దగ్గరయింది. గట్టు మీద ఎవరో చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల నిలిచిందో పడిందో రవళి చెప్పలేదు. రవళి కూడా చప్పట్లు కొట్టడం నాకు వినిపించింది.